షూ కవర్ల బెంచీ మీద పైడమ్మ

దయ్యాలూ ఆత్మలూ అనేవాళ్ళని చూసి జీవితమంతా నవ్వినవాణ్ణి నేను. నిజం చెప్పాలంటే ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. పదకొండేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్ల పక్కన టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మనిషి స్పృహ ఎన్ని మిల్లీలీటర్ల మందుకి పోతుందో, ఎన్ని నిమిషాలకి తిరిగి వస్తుందో రోజూ చూసేవాడి దగ్గర అలాంటి నమ్మకాలు ఎక్కువ కాలం నిలవవు. స్టెరిలైజేషన్ గదిలో ఎవరో మూలుగుతున్నారని ఆయాలు చెప్పుకుంటే, అది పాత ఏసీ చప్పుడని చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించింది కూడా నేనే.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు. చదివాక మీరు నన్ను అసహ్యించుకున్నా నేనేమీ అనుకోను.

ముందు నా సంగతి చెప్పాలి. మాది బెంగాల్లోని ఖరగ్‌పూర్. తాత అప్పన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. నేను పుట్టి పెరిగింది ఖరిదా పేటలో. చుట్టూ మనవాళ్ళే, ఇంట్లో మన మాటే. బడికి మాత్రం బెంగాలీలుండే ఇందా పేటకి పంపించారు. అక్కడి పిల్లలు డబ్బాలో గులకరాళ్ళు వేసి నా చెవి దగ్గర గలగలలాడించి, "మీరు మాట్లాడేది ఇదే కదా" అని నవ్వేవాళ్ళు. పిల్లలన్నాక అంటారు. మిగతా మనవాళ్ళ పిల్లలు తిరిగి నాలుగు తిట్టి ఊరుకున్నారు. నేను మాత్రం దాన్ని లోపల పెట్టుకున్నాను.

నా అసలు పేరు అప్పలరాజు. ఉద్యోగంలో చేరేనాటికి ముందు సగం కత్తిరించేశాను. రాజు అనే పేరు బెంగాలీల్లోనూ ఉంటుంది. నా బెంగాలీలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెళ్ళి కూడా మేదినీపూర్ బెంగాలీ పిల్లనే చేసుకున్నాను. ఆస్పత్రిలో అందరికీ నేను రాజు దా, అంటే రాజన్న. మనవాళ్ళు పేషంట్లుగా వచ్చినప్పుడు నేను హిందీలోనే మాట్లాడేవాణ్ణి. వాళ్ళకీ హిందీ వచ్చు కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

పైడమ్మకి మాత్రం రాదు.

ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. భర్త పోయాక, అప్పటికి నాలుగు నెలల క్రితమే ఊరి నుంచి ఇక్కడి ఝపటాపూర్‌లో ఉన్న కూతురి ఇంటికి వచ్చింది. అల్లుడిది వర్క్‌షాపులో ఉద్యోగం. వచ్చిన నెలకే కడుపులో గడ్డ బయటపడింది. పెద్ద పేగుకి కుడివైపు క్యాన్సర్. పొట్ట తెరిచి ఆ భాగం తీసేసి, మిగిలిన పేగుని కలిపి కుట్టాలి. నాలుగైదు గంటల ఆపరేషన్. వార్డులో బెడ్డు ఖాళీ లేక ఆపరేషన్ రోజు ఉదయమే రమ్మన్నారు.

ఆపరేషన్ ముందు పేషంటుని ఒక చిన్న గదిలో పడుకోబెట్టి, చీటీ మీద ఉన్న ప్రశ్నలన్నీ అడిగి టిక్కులు పెట్టడం నా పని. పేరు సరేనా, కట్టుడు పళ్ళు తీశారా, నగలు తీశారా, ఏమైనా తిన్నారా తాగారా. వీటిలో చివరిది అన్నిటికంటే ముఖ్యం. మత్తు ఇవ్వగానే గొంతు తన కాపలా వదిలేస్తుంది. కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే, డెబ్భై ఏళ్ళ మనిషి మళ్ళీ లేవకపోవచ్చు. అందుకే రాత్రి నుంచీ ఏమీ తినకూడదని కూతురు పార్వతికి వార్డు నర్సు ముందురోజే రెండుసార్లు చెప్పింది. పార్వతి తల్లికి చెప్పింది.

పైడమ్మ ముక్కుకి రెండు వైపులా రాళ్ళ ముక్కుపుడకలు ఉండేవట. నేను వచ్చేసరికి సబ్బునీళ్ళతో తీసి కవర్లో పెట్టి ఉంచారు. కవరు పార్వతికి ఇచ్చి సంతకం తీసుకున్నాను. పార్వతి నన్ను గుర్తుపట్టినట్టు చూసింది. నేను కాగితంలోకి చూశాను.

లోపలికి వచ్చి హిందీలో అడిగాను, ఏమైనా తిన్నావా అని. పైడమ్మ ఆకుపచ్చ గౌనులో ఒదిగి పడుకుని ఉంది. ముంజేతి మీద పాత పచ్చబొట్టు, తేలు బొమ్మ. ఆ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"బాబూ, నువ్వు అప్పన్న మనవడివంట గదా. మా పారోతి సెప్పినాది. నీకొక మాట సెప్పాల. కోప్పడకు."

పక్కనే సిస్టర్ నిలబడి సెలైన్ బాటిల్ సర్దుతోంది. ఏమంటోంది అని నన్ను అడిగింది.

నేను బెంగాలీలో, "ఏమో, తెలుగు కాబోలు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. పైడమ్మ వైపు తిరిగి, నాకు అర్థం కావడం లేదు మాసీ, తెలుగు రాదు అని చేతులు తిప్పుతూ హిందీలో చెప్పాను. రాదు అన్న సంగతి ఆవిడకి నా చేతుల వల్లే అర్థమయింది. కాసేపు నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. మా అమ్మమ్మ వయసు మనిషి, నన్ను చూసి తనే ఏదో తప్పు చేసినట్టు మణికట్టు వదిలేసింది. నేను ఖాళీ కడుపు అన్న చోట టిక్కు పెట్టేశాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మన ఇళ్ళల్లో చోడి అంబలి, అదే రాగుల అంబలి, అంటే ఏమిటో ఆ ఆస్పత్రిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మా తాత ముప్ఫై ఏళ్ళు వర్క్‌షాపు సైరన్ కంటే ముందు లేచి, రాత్రి పులియబెట్టిన అంబలి గ్లాసుడు తాగి బయలుదేరేవాడు. పెద్ద పనికి పోయే మనిషి అంబలి తాగకుండా గడప దాటడం మా ఇంట్లో లేదు. మిగతా టెక్నీషియన్లు ఆ ప్రశ్న అడగలేరు. నాకు అడగడం వచ్చు, అయినా అడగలేదు.

థియేటర్లోకి తీసుకెళ్ళాం. ఇలాంటి పెద్ద ఆపరేషన్లకి మత్తు ఇచ్చే ముందే వీపులో సన్నటి గొట్టం వేస్తారు, తర్వాత నొప్పి తెలియకుండా దాంట్లోంచి మందు వెళ్తుంది. పేషంటుని టేబుల్ మీద కూర్చోబెట్టి, దిండు కౌగిలించుకుని ముందుకి వంగమంటారు. ఎదురుగా ఒకరు నిలబడి భుజాలు పట్టుకోవాలి. పేషంటు తల మన భుజం మీద ఉంటుంది. ఆ పని ఎప్పుడూ నాదే.

ఆరోజు నేను తప్పించుకున్నాను. తల నా భుజం మీద ఆనించి మళ్ళీ తెలుగులో ఏదైనా అంటుందని. సిస్టర్‌ని పట్టుకోమని, పేషంటుకి కప్పే వెచ్చటి గాలి దుప్పటి గొట్టం తెస్తానని చెప్పి స్టోరుకి వెళ్ళాను. కావాలనే చాలాసేపు వెతికి, బయటికి వస్తూ స్టోరు రిజిస్టర్లో టైము వేసి సంతకం పెట్టాను. తొమ్మిదీ నాలుగు.

స్టోరుకీ థియేటర్‌కీ మధ్య చిన్న నడవా ఉంది. అందులో ఒక బెంచీ. దాని మీద కూర్చుని చెప్పులకి కవర్లు తొడుక్కుంటాం. తిరిగి వస్తుంటే ఆ బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పసుప్పచ్చ నేత చీర, ఆకుపచ్చ అంచు. పైట దగ్గర చారెడు మేర వేరే గుడ్డతో మాసిక వేసి ఉంది. ముక్కుకి రెండు వైపులా రాళ్ళు మెరుస్తున్నాయి. ట్యూబులైటు వెలుగు, పొద్దున తొమ్మిది గంటలు, లోపల నుంచి మానిటర్ చప్పుడు. భయపడాల్సిన వాతావరణం ఏమీ లేదక్కడ. ఎవరో పేషంటు తాలూకు మనిషి దారి తప్పి వచ్చిందనుకుని, ఇక్కడికి ఎలా వచ్చారని బెంగాలీలో కసిరాను.

ఆవిడ తలెత్తి నాకు బెంగాలీలోనే బదులు చెప్పింది.

"శోనో బాబా. భోర్‌బేలా మాడువార్ జావు ఖేయేఛి. దుయ్ గ్లాస్. మేయే జానే నా. ఆమాకే ఎఖోన్ ఘూమ్ పాడియో నా."

విను నాయనా, తెల్లవారుజామున చోడి జావ తాగాను, రెండు గ్లాసులు, కూతురికి తెలియదు, నన్ను ఇప్పుడే నిద్రపుచ్చకు. అంతే. తడుముకోలేదు. ఇక్కడి పల్లెల్లో ముసలివాళ్ళు మాట్లాడే సాఫీ బెంగాలీ. జావు అన్న మాట నేను మా అత్తగారి ఊళ్ళో తప్ప ఎక్కడా వినలేదు. మాట్లాడుతూ చెయ్యి మోకాలి మీద పెట్టుకుంది. ముంజేతి మీద తేలు పచ్చబొట్టు.

అప్పుడు గుర్తుపట్టాను, పైడమ్మ అని. నాకు కలిగింది భయం కాదు, కోపం. పేషంటుని టేబుల్ దింపి, బట్టలు మార్చి బయట కూర్చోబెట్టిందెవరని. ఆ కోపంతోనే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

పైడమ్మ టేబుల్ మీద ఉంది. ఆకుపచ్చ గౌను, దిండు, వంచిన వీపు. సిస్టర్ భుజం మీద తల. మత్తు డాక్టరమ్మ, మేము మేడమ్ అంటాం, వీపులో గొట్టం వేసి అప్పుడే నొప్పి మందు మొదటి చిన్న డోసు ఇస్తోంది. చార్టులో దాని టైము తొమ్మిదీ అయిదు. ముక్కుకి రెండు వైపులా ఖాళీ చిల్లులు.

నా చేతిలోని గొట్టం జారి కింద పడింది. మేడమ్ చిరాగ్గా చూసింది. నేను నోరు తెరిచి, "పేషంటు పొద్దున జావ తాగింది మేడమ్, రెండు గ్లాసులు" అన్నాను.

నీకెలా తెలుసు అంది.

 బెంచీ సంగతి చెబితే నన్ను ఇంటికి పంపిస్తారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "నేను తెలుగువాణ్ణి మేడమ్. ఆవిడ భాషలో అడిగాను."

పదకొండేళ్ళు దాచుకున్న నిజాన్ని అబద్ధం ఆడటానికి వాడుకున్నాను.

మేడమ్ ఇంకేమీ అడగలేదు. పడుకోబెట్టి, స్కానింగ్ ప్రోబు పొట్ట పైభాగాన పెట్టి చూసింది. కడుపు నిండుగా ఉంది. గడ్డ పేగుకి సగం అడ్డుపడి ఉండటంతో తాగినది కిందికి దిగలేదు. మేడమ్ ముఖం పాలిపోవడం నేను చూశాను. మరో అయిదు నిమిషాలుంటే మత్తు ఇచ్చేసేవాళ్ళం. ఈ కేసుని మధ్యాహ్నానికి మార్చి, రెండోదాన్ని ముందుకి తెచ్చారు. తర్వాత ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తే ముదురు గోధుమరంగు నీళ్ళు గిన్నెడు వచ్చాయి. ఆ పులుపు వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆలస్యం ఎందుకో పేషంటుకి నువ్వే చెప్పు అంది మేడమ్. నేను పైడమ్మ దగ్గరికి వెళ్ళలేదు. ముఖం చెల్లలేదు. బయటికి వెళ్ళి పార్వతికి చెప్పాను, అదీ బెంగాలీలో. పార్వతి నెత్తి కొట్టుకుంది. ఆవిడ మాత్రం తెలుగులోనే జవాబిచ్చింది.

"అల్లుడి డూటీకని రోజూ అమ్మే అంబలి కాస్తాది. నాను తానానికి ఎల్లినప్పుడు తాగీసినట్టుంది. నాతో అంటే ఆపరేసన్ ఆపేస్తారని బయం. ఏటో సంగతి నీతోనే సెప్తానంది. మనోడే గదా, ఆడితో సెప్పుకుంటే తిట్టడులే అన్నాది."

మనోడే గదా అన్న మాటకి తల కొట్టేసినట్టయింది. నాకు చెప్పిందని మాత్రం అన్నాను. ఎప్పుడు, ఎక్కడ అని పార్వతి అడగలేదు.

వెళ్ళబోతూ, మీ అమ్మ ఏ చీరతో వచ్చింది అని అడిగాను. వింతగా చూసి సంచీ తెరిచింది. పసుప్పచ్చ నేత చీర, ఆకుపచ్చ అంచు. పొయ్యి సెగకి కాలిన చోట మాసిక. నేను పైడమ్మని మొదటిసారి చూసేటప్పటికే ఆవిడ గౌనులో ఉంది. ఆ చీర నేను అంతకుముందు చూసే అవకాశమే లేదు.

సిస్టర్‌ని కూడా అడిగాను. వీపుకి సూది వేస్తున్నంతసేపూ పేషంటు కదల్లేదని, నోరు మెదపలేదని, ఏడుస్తుంటే తన భుజం తడిసిందని చెప్పింది. అప్పటికి ఆవిడకి మత్తు చుక్క కూడా ఇవ్వలేదు. బయటి తలుపు దగ్గర గార్డు, ముసలావిడ ఎవరూ లోపలికి రాలేదన్నాడు.

రెండు గంటలకి మొదలుపెట్టిన ఆపరేషన్ సాయంత్రం ఆరున్నరకి అయింది. గడ్డ మొత్తం వచ్చేసిందని సర్జన్ అన్నాడు. మత్తు ఆపాక మేడమ్ బెంగాలీలో పిలిచింది, హిందీలో పిలిచింది. కళ్ళు తెరవలేదు. కళ్ళు తెరిచి, మాట విని, గట్టిగా ఊపిరి తీస్తే గానీ గొంతులో గొట్టం తీయరు. మేడమ్ నా వైపు తిరిగి, నువ్వు పిలువు అంది.

థియేటర్లో ఏడుగురం ఉన్నాం.  ముందు పుస్తకం మాట వచ్చింది, "అమ్మా, కళ్ళు తెరవండి" అని. కదల్లేదు. వంగి ఆవిడ చెవి దగ్గర మా అమ్మమ్మ పిలిచినట్టు పిలిచాను.

"ఓలమ్మా! కల్లు ఇప్పు. అయిపోనాది. ఇంటికెలిపోదుము, లెగు."

కళ్ళు తెరిచింది. ఊపిరి గట్టిగా తీసింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరూ నవ్వలేదు. డబ్బాలో గులకరాళ్ళు ఎవరూ ఆడించలేదు. సిస్టర్ నా భుజం తట్టి, ఎంత బాగా పిలిచావు దాదా అంది. నేను మాస్కు తీయకుండానే బయటికి వచ్చేశాను, ముఖం కనపడకూడదని.

మర్నాడు పొద్దున మీటింగులో మేడమ్ అందరి ముందూ నన్ను నిలబెట్టింది. పేషంటుని తన భాషలో అడగడం అంటే ఇదీ అంది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నిజం చెప్పేయాలనుకున్నాను. కుక్కిన పేనులా నిలబడ్డాను.

మూడో రోజు వార్డుకి వెళ్ళాను. అప్పటికే పైడమ్మని రెండుసార్లు నడిపించారు. మంచం మీద కూర్చుని, ఊపిరితిత్తులు బలపడటానికి ఇచ్చే మూడు బంతుల డబ్బాలోంచి గాలి పీలుస్తోంది. రెండు బంతులు లేచాయి. మూడోది లేవడం లేదు. నన్ను చూసి డబ్బా పక్కన పెట్టింది. పార్వతి పక్కనే ఉంది.

తెలుగులోనే అడిగాను. "అమ్మా, అంబలి తాగీసినానని నాతో ఎక్కడ సెప్పినావు?"

ఏం ప్రశ్న ఇది అన్నట్టు చూసింది.

"ఆ బెంచీ కాడే గదా. నన్ను కూకోబెట్టి ఈపుకి సూది గుచ్చతన్నారు. ఎవులికి సెప్పాలో తెల్లేదు. సచ్చిపోతానని బయమేసినాది. నువ్వు ఎక్కడికి పోనావో అనుకున్నాను. బెంచీ కాడ కనపడ్డావు. రెండు గలాసులు తాగీసినానని సెప్పినాను."

"ఏ బాసలో సెప్పినావు?"

పైడమ్మ నా మణికట్టు పట్టుకుంది, మొదటి రోజు పట్టుకున్నట్టే.

"నీకు తెలుగు రాదన్నావు గదా బాబూ. అందుకే నీకొచ్చిన బాసలో సెప్పినాను. ఎలగ సెప్పినానో నాకు తెల్దు. నువ్వు ఇన్నావు. అది సాలు."

ఎగతాళి కాదు, దెప్పిపొడుపు కాదు. నేను చెప్పిన అబద్ధాన్ని నిజమని నమ్మి, దానికి తగ్గట్టు తనే సర్దుకున్న మనిషి మాట అది. పార్వతి మాత్రం నన్ను చూసింది. తెలుగు రాదన్నావా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మంచినీళ్ళు తాగుతారా అని బెంగాలీలో పైడమ్మని అడిగి చూశాను. ఏటంతన్నాడే అని కూతుర్ని అడిగింది. ఆ నాలుగు మాటలు కూడా ఆవిడకి అర్థం కాలేదు.

ఆ తర్వాత చాలా ఆలోచించాను. మనసులో తప్పు చేసిన భావన ఉంటే, మనవాళ్ళ అంబలి అలవాటు నాకు ముందే తెలుసు కాబట్టి, నా బుర్రే అలా ఊహించుకుందేమో అనుకున్నాను. మరి రెండు గ్లాసులు? మాసిక? అదే బెంచీ మీద జరిగిందని ఆవిడ చెప్పడం? స్పృహ గురించి నాకు తెలిసిన చదువులో దీనికి చోటు లేదు. నాకు మించిన చదువున్న మేడమ్‌ని అడగాలంటే ముందు నా అబద్ధం ఒప్పుకోవాలి. ఈరోజు వరకూ ఒప్పుకోలేదు.

పైడమ్మ బాగుంది. చెకప్‌కి వస్తుంది, వచ్చినప్పుడల్లా నన్ను పిలిపిస్తుంది. ఒకసారి సీసాలో అంబలి పోసుకొచ్చి ఇచ్చింది. స్టోరు గదిలో తలుపేసుకుని తాగాను. అక్కడ కూడా ఎవరికైనా కనపడతానేమోనని చూసుకున్నాను.

ఆపరేషన్ ముందు పేషంట్లని ఉంచే ఆ గది గోడకి ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది. మేడమ్ నాతోనే రాయించింది. అంబలి గాని, గంజి గాని, టీ గాని తాగారా అని తెలుగులో పెద్ద అక్షరాలు. కింద నా పేరు, ఈసారి పూర్తిగా, అప్పలరాజు. కొత్తగా వచ్చేవాళ్ళకి మేడమ్ ఆ కాగితం చూపించి నా గురించి గొప్పగా చెబుతుంది. నేను ఆ పక్కనే నిలబడి సిరంజిలు సర్దుతుంటాను.

పైడమ్మకి ఆ నిమిషంలో బెంగాలీ ఎలా వచ్చిందో నాకు తెలియదు, ఎప్పటికీ తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. నాకు తెలుగు ఎందుకు రాలేదో మాత్రం బాగా తెలుసు.